సాన్ క్లస్టర్‌కి ఇంకో రెండు నోడ్లు కలపాలంటే: లిమిట్ల లెక్క ఎలా వేసుకోవాలి

స్టోరేజ్ నిండుతోంది. కొత్త హెచ్‌ఏ పెయిర్ (ఒకటి పడిపోతే రెండోది దాని పని అందుకునే నోడ్ల జత; నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక స్టోరేజ్ కంట్రోలర్) కొనాలన్న మాట వచ్చింది. మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మన క్లస్టర్‌లో ఇంకా ఎన్ని నోడ్లు పడతాయి?" డేటాషీట్ తెరిచి అందులో ఉన్న గరిష్ఠ సంఖ్య చదివి చెప్పేస్తే మీటింగ్ ముగుస్తుంది. కానీ వెండర్ రాసిన ఆ సంఖ్య దాకా వెళ్లేలోపే అడ్డుపడే లిమిట్లు మూడు నాలుగు ఉంటాయి. వాటిలో కొన్ని స్టోరేజ్ బాక్సులో ఉండవు, హోస్ట్ (స్టోరేజ్ వాడుకునే సర్వర్) దగ్గర ఉంటాయి. అందుకే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో వేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు నెట్‌యాప్ కంపెనీ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ ఆన్‌ట్యాప్‌ను తీసుకుంటున్నాను. సాన్‌కీ (సర్వర్‌కి డిస్కులా కనిపించే స్టోరేజ్) నాస్‌కీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లుగా అందే స్టోరేజ్) వేర్వేరు లిమిట్ ఉన్న సిస్టమ్ కాబట్టి విషయం స్పష్టంగా కనిపిస్తుంది. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తాను.

1. ముందు అధికారిక సంఖ్య పట్టుకోండి

ఆన్‌ట్యాప్‌లో నాస్ మాత్రమే నడిపే క్లస్టర్ 24 నోడ్ల దాకా, అంటే 12 హెచ్‌ఏ పెయిర్ల దాకా పెరుగుతుంది. అదే క్లస్టర్‌లో ఎఫ్‌సీ గానీ ఐస్కజీ గానీ (రెండూ సాన్ ప్రోటోకాల్సే) నడిపితే గరిష్ఠం 12 నోడ్లే, అంటే 6 పెయిర్లు. నాస్, సాన్ రెండూ కలిపి నడిపినా 12కే లోబడాలి. పాత వెర్షన్లలో సాన్ లిమిట్ 8 ఉండేది. మీ టీమ్ దగ్గరున్న పాత డిజైన్ డాక్యుమెంట్‌లో 8 అని కనిపిస్తే అది ఏ వెర్షన్ కాలం నాటిదో చూడండి.

సాన్‌కి సగమే ఎందుకు? నాస్ క్లయింట్‌కి తెలిసింది ఒక ఐపీ అడ్రస్. నోడ్ పడిపోతే ఆ ఐపీ ఇంకో నోడ్ మీదకు వెళ్తుంది, క్లయింట్ మళ్లీ దాన్నే పట్టుకుంటాడు. సాన్‌లో అలా కాదు. ఒక లన్‌కి (హోస్ట్‌కి డిస్కులా కనిపించే స్టోరేజ్ భాగం) ఏయే దారులున్నాయి, వాటిలో ఏది దగ్గరి దారి, ఏది చుట్టుదారి అన్నది హోస్టే గుర్తుపెట్టుకోవాలి. దారి మారితే ఆ సమాచారం హోస్ట్‌కి అందాలి. లినక్స్‌లో స్కజీ డిస్క్ టైమౌట్ మామూలుగా 30 సెకన్లు, విండోస్‌లో 60. ఫెయిలోవర్ (పడిపోయిన నోడ్ పని ఇంకోటి అందుకోవడం), దారి మార్పు అన్నీ ఆ గడువులో సర్దుకోవాలి. దీనికి తోడు ఏ లన్ ఏ ఇనిషియేటర్ గ్రూపుకి (లన్ చూడటానికి అనుమతి ఉన్న హోస్ట్ పోర్టుల జాబితా) మ్యాప్ అయిందన్న సమాచారం కాపీ ప్రతి నోడ్ దగ్గరా ఉండాలి, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. నోడ్లు పెరిగేకొద్దీ ఈ పని పెరుగుతుంది, వెండర్ టెస్ట్ చేయాల్సిన కాంబినేషన్లూ పెరుగుతాయి.

వేరే వెండర్ల దగ్గరా ఇలాంటి గోడలే ఉన్నాయి. ఐబీఎం ఎస్‌వీసీలో 8 నోడ్లు, 4 ఐఓ గ్రూపులు (రెండేసి నోడ్ల జతలు). హెచ్‌పీఈ త్రీపార్ పెద్ద మోడళ్లలో 8 నోడ్లు. డెల్ పవర్‌స్టోర్‌లో 4 అప్లయన్సులు, ఒక్కో దానిలో రెండు నోడ్లు. ప్యూర్ ఫ్లాష్‌అరే అయితే రెండు కంట్రోలర్లతోనే ఆగుతుంది, నోడ్లు కలుపుకుంటూ పోయే డిజైనే కాదు. వీటిని పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్దదని చూడటం వల్ల లాభం లేదు. ఒక నోడ్ పడిపోతే దాని పని ఎవరి నెత్తిన పడుతుందన్నది చూడండి. అసలు తేడా అక్కడే ఉంటుంది.

2. మీ దగ్గరున్న మోడళ్ల జాబితా తీయండి

క్లస్టర్ గరిష్ఠం 12 అన్నది అన్ని మోడళ్లకీ వర్తించదు. ఒకే క్లస్టర్‌లో పాతవీ కొత్తవీ కలిసి ఉంటే, వాటిలో ఏ మోడల్ లిమిట్ తక్కువో అదే మొత్తం క్లస్టర్‌కి లిమిట్ అవుతుంది. బ్యాకప్ కోసమని ఒక చిన్న ఎంట్రీ లెవెల్ పెయిర్‌ను ఎప్పుడో కలిపి ఉంటారు. అది మొత్తం లెక్కను కిందికి లాగేస్తుంది.

క్లస్టర్ షో, సిస్టమ్ నోడ్ షో కొట్టి మోడళ్లు, ఆన్‌ట్యాప్ వెర్షన్ రాసుకోండి. నెట్‌యాప్ హార్డ్‌వేర్ యూనివర్స్ సైట్‌లో ప్రతి మోడల్‌నీ మీ వెర్షన్‌తో కలిపి చూడండి. నోడ్ల సంఖ్యతో ఆపకండి. నోడ్‌కి ఎన్ని లన్‌లు, ఎన్ని వాల్యూములు అన్నవి కూడా అక్కడే ఉంటాయి. ఒక ఫ్లెక్స్‌వాల్‌లో (లన్‌లు ఉండే ఆన్‌ట్యాప్ వాల్యూమ్) 512 లన్‌లకి మించి పెట్టలేరు. ఆటోమేషన్‌తో చిన్న చిన్న లన్‌లు వందల్లో చేసే చోట ఇది త్వరగానే తగులుతుంది.

కొత్త మోడల్‌కి కావాల్సిన వెర్షన్‌ను పాత మోడల్ సపోర్ట్ చేయకపోతే అవి రెండూ ఒకే క్లస్టర్‌లో ఉండలేవు. ఈ ఒక్క చెక్ పర్చేజ్ ఆర్డర్‌కి ముందే అయిపోవాలి. బాక్సు ర్యాక్‌లో ఎక్కాక తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.

3. టేకోవర్ లెక్క

క్లస్టర్‌లో పది నోడ్లు ఉన్నాయి కదా, ఒకటి పోతే మిగతా తొమ్మిదీ పంచుకుంటాయిలే అని చాలామంది అనుకుంటారు. ఆన్‌ట్యాప్‌లో అలా జరగదు. నోడ్ పోతే దాని డిస్కులు, దాని పని మొత్తం హెచ్‌ఏ పార్ట్‌నర్ ఒక్కదాని మీదే పడతాయి, దీన్నే టేకోవర్ అంటారు. పక్క పెయిర్ ఖాళీగా కూర్చున్నా సాయం చేయలేదు.

కాబట్టి పెయిర్ వారీగా చూడండి. ఒక పెయిర్‌లో రెండు నోడ్లూ 60 శాతం దగ్గర నడుస్తుంటే టేకోవర్ రోజున మిగిలిన నోడ్‌కి 120 శాతం పని పడుతుంది. రెండూ కలిపి 100 దాటకూడదు, కాస్త ఊపిరి ఆడేలా 90 దగ్గర ఆపడం మంచిది. సీపీయూ బిజీ శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. ఆన్‌ట్యాప్ చూపించే పెర్ఫార్మెన్స్ కెపాసిటీ యూజ్డ్ అన్న విలువను, నెలాఖరు బ్యాచ్ జాబులు నడిచే రోజుల్లో తీసుకోండి. నెల మధ్యలో ప్రశాంతంగా ఉన్న రోజు చూసిన అంకె పనికిరాదు.

ఈ లెక్క తర్వాత చాలాసార్లు బయటపడేది ఏంటంటే, కొత్త నోడ్లు నిజంగానే కావాలి, కానీ కెపాసిటీ కోసం కాదు. ఒక పెయిర్ మీద పడిన బరువు దింపడానికి. అప్పుడు కొనాల్సిన డిస్కుల సైజు, కంట్రోలర్ మోడల్ రెండూ మారిపోతాయి.

4. హోస్ట్ దగ్గర దారుల లెక్క

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. స్టోరేజ్ టీమ్ దీన్ని సర్వర్ టీమ్ పనిగా చూస్తుంది. సర్వర్ టీమ్ దీన్ని స్టోరేజ్ పనిగా చూస్తుంది. మధ్యలో ఎవరూ చూడరు.

ఈఎస్‌ఎక్స్‌ఐ 7లో (వీఎంవేర్ వీస్ఫియర్‌లో సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్) ఒక హోస్ట్ గరిష్ఠంగా 1024 లన్‌లు, 4096 పాత్‌లు (లన్‌కి వెళ్లే దారులు) చూడగలదు. వీస్ఫియర్ 6.5లో అయితే 512 లన్‌లు, 2048 పాత్‌లే. ఈ రెండింటిలో ముందు తగిలేది ఎక్కువగా పాత్‌ల లిమిట్.

ఒక హోస్ట్ తీసుకుందాం. రెండు హెచ్‌బీఏ పోర్టులు (సాన్‌కి కలిపే కార్డు పోర్టులు), ఒకటి 'ఏ' ఫ్యాబ్రిక్‌లో (సాన్ స్విచ్‌ల నెట్‌వర్క్), ఒకటి 'బీ' ఫ్యాబ్రిక్‌లో. లన్‌లు 400. స్టోరేజ్ వైపు 8 నోడ్లు, ప్రతి నోడ్‌లో ఫ్యాబ్రిక్‌కి ఒక లిఫ్ (హోస్ట్‌కి కనిపించే లాజికల్ పోర్టు) చొప్పున రెండు లిఫ్‌లు. ప్రతి నోడ్ ప్రతి లన్‌నీ చూపిస్తే ఒక్కో లన్‌కి 16 దారులు. 400ని 16తో గుణిస్తే 6400. 4096 ఎప్పుడో దాటేశాం. దాటితే హోస్ట్ గట్టిగా అరిచి చెప్పదు. మిగిలిన పాత్‌లను తీసుకోవడం మానేస్తుంది. కొన్ని లన్‌లకి 16 దారులు కనిపించాల్సిన చోట ఒకటో రెండో ఉంటాయి. మామూలు రోజుల్లో అంతా బాగానే నడుస్తుంది. స్విచ్ పోయిన రోజున ఆ లన్ కనబడకుండా పోతుంది.

దీనికోసమే ఆన్‌ట్యాప్ 8.3 వెర్షన్ నుంచి సెలెక్టివ్ లన్ మ్యాప్ డిఫాల్ట్‌గా వచ్చింది. లన్ ఏ నోడ్‌లో ఉందో ఆ నోడ్, దాని హెచ్‌ఏ పార్ట్‌నర్, ఈ రెండే ఆ లన్‌ని హోస్ట్‌కి చూపిస్తాయి. వీటిని రిపోర్టింగ్ నోడ్లు అంటారు. ఇప్పుడు అదే హోస్ట్‌కి లన్‌కి 4 దారులే, మొత్తం 1600. క్లస్టర్ 4 నోడ్లదైనా 12 నోడ్లదైనా ఈ సంఖ్య మారదు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది: 8.3కి ముందు చేసిన మ్యాపింగ్‌లు అప్‌గ్రేడ్ అయినంత మాత్రాన వాటంతట అవి మారవు. లన్ మ్యాపింగ్ షో కమాండ్‌లో రిపోర్టింగ్ నోడ్స్ ఫీల్డ్ తీసి చూడండి. అన్ని నోడ్ల పేర్లూ కనిపించే పాత లన్‌లు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

రెండోది ఇంకా ముఖ్యం. లన్‌లను కొత్త పెయిర్‌కి తరలించేటప్పుడు పాత పెయిర్, కొత్త పెయిర్ రెండూ కొంతకాలం రిపోర్టింగ్ నోడ్లుగా ఉంటాయి. ఆ సమయంలో పాత్‌లు రెట్టింపు అవుతాయి. పై ఉదాహరణలో 400 లన్‌లనీ ఒకేసారి సిద్ధం చేస్తే 3200, సరిపోతుంది. అదే నోడ్‌కి నాలుగు లిఫ్‌లు ఉంటే? మామూలుగానే లన్‌కి 8 దారులు, మొత్తం 3200. తరలింపులో లన్‌కి 16, మొత్తం 6400. పడదు. అప్పుడు 50 లన్‌ల చొప్పున జట్లుగా చేయాలి: కదలని 350 లన్‌లకి 8 చొప్పున 2800, కదిలే 50కి 16 చొప్పున 800, మొత్తం 3600. వంద చొప్పున చేస్తే 4000 వస్తుంది. లెక్క ప్రకారం పడుతుంది గానీ లోకల్ డిస్కులు, టేప్ లాంటివి ఏమైనా ఉంటే అంచు దాటే ప్రమాదం ఉంది. లన్‌కి 8 దారులు మించకుండా ఉంచడం మామూలు నియమం, తరలింపు జరిగే కాసేపు తప్ప.

మీ హోస్టుల్లో అన్నిటికంటే ఎక్కువ లన్‌లు చూసే దాన్ని పట్టుకుని ఈ లెక్క వేయండి. సగటు హోస్ట్‌తో వేయకండి.

5. ఒక పెయిర్ జాగా ఖాళీగా ఉంచండి

12 నోడ్ల లిమిట్ ఉన్న క్లస్టర్‌ని 10 దగ్గర ఆపమని నా సలహా. గట్టిగానే చెబుతున్నాను. నాలుగైదేళ్లకి పాత కంట్రోలర్ల సపోర్ట్ ముగుస్తుంది. అప్పుడు సులువైన దారి ఏంటంటే, కొత్త పెయిర్‌ని క్లస్టర్‌కి కలిపి, వాల్యూములు ఒక్కొక్కటిగా దాని మీదకు మార్చి, పాత పెయిర్‌ని తీసేయడం. అప్లికేషన్ ఆపక్కర్లేదు. క్లస్టర్ కొన్నందుకు దొరికే అతిపెద్ద లాభం ఇదే. 12 నిండిపోతే కొత్త పెయిర్ పెట్టడానికి చోటే ఉండదు. డిస్కులు అలాగే ఉంచి కంట్రోలర్లు మాత్రమే మార్చే పద్ధతి ఉంది, కానీ అది అన్ని మోడళ్ల జతలకీ కుదరదు.

పక్కనే ఇంకో కొత్త క్లస్టర్ కట్టి అక్కడికి మార్చుకుంటాం అంటారా? ఎస్‌వీఎంని (క్లస్టర్‌లో వాల్యూములను, లన్‌లను అందించే వర్చువల్ స్టోరేజ్ సర్వర్) ఒక క్లస్టర్ నుంచి ఇంకో క్లస్టర్‌కి ఆపకుండా మార్చే సౌకర్యం సాన్ ప్రోటోకాల్స్‌కి లేదు. ఆన్‌ట్యాప్ రెప్లికేషన్ అయిన స్నాప్‌మిర్రర్‌తోనో, హోస్ట్ వైపు కాపీతోనో చేయాలి. స్నాప్‌మిర్రర్ అయితే కటోవర్‌కి (కొత్త క్లస్టర్ మీదకు మారే సమయానికి) డౌన్‌టైమ్ అడగాలి. బ్యాంకు డేటాబేస్ టీమ్‌ని డౌన్‌టైమ్ అడగడం ఎంత టెన్షనో చేసినవాళ్లకి తెలుసు.

8 నోడ్ల తర్వాత మరీ అవసరమైతే తప్ప పెంచకుండా రెండో క్లస్టర్ మొదలుపెట్టడం కూడా మంచి నిర్ణయమే. ఒక బగ్ గానీ ఒక తప్పు కమాండ్ గానీ మొత్తం సంస్థని ఒకేసారి తాకదు.

6. క్వోరమ్, స్విచ్‌లు

రెండు నోడ్ల నుంచి నాలుగుకి వెళ్తుంటే రెండు మార్పులు తప్పనిసరి. ఇంతకాలం రెండు నోడ్లూ నేరుగా కేబుల్‌తో కలిసి ఉంటే ఇక క్లస్టర్ స్విచ్‌లు కావాలి, ఒక జత. సిస్కో నెక్సస్ 9336సీ-ఎఫ్‌ఎక్స్2, ఎన్విడియా ఎస్‌ఎన్2100, బ్రాడ్‌కామ్ బీఈఎస్-53248 లాంటివి సపోర్ట్ జాబితాలో ఉన్నాయి. కొటేషన్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడండి. క్లస్టర్ పోర్టులకి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 ఉండాలి, స్విచ్ వైపు కూడా.

ఇంకోటి, క్లస్టర్ హెచ్‌ఏ అన్న సెట్టింగ్. అది రెండు నోడ్ల క్లస్టర్‌కి మాత్రమే. మూడో నోడ్ కలిపే ముందు దాన్ని ఆపేయాలి. దీన్ని ఆపినా స్టోరేజ్ ఫెయిలోవర్ అలాగే పనిచేస్తుంది, ఆ రెండూ వేరు.

ఆ తర్వాత క్వోరమ్ (క్లస్టర్ పనిచేయడానికి కావాల్సిన నోడ్ల మెజారిటీ) సగానికి పైగా నోడ్ల మీద నడుస్తుంది. సరిగ్గా సగం మిగిలితే ఎప్సిలాన్ (ఒక నోడ్‌కి ఇచ్చే అదనపు ఓటు బరువు) ఉన్న వైపు నెగ్గుతుంది. నాలుగు నోడ్ల క్లస్టర్ ఇక్కడ చాలా సున్నితం. ఎప్సిలాన్ మొదటి నోడ్ దగ్గరుంది, దాన్నే మెయింటెనెన్స్‌కి ఆపారు అనుకోండి. మూడు మిగిలాయి, పర్వాలేదు. ఇంతలో ఇంకోటి పోతే మిగిలింది రెండు, ఎప్సిలాన్ వాటి దగ్గర లేదు. క్వోరమ్ పోయింది, దానితో పాటే సాన్ సర్వీసూ. అందుకే ఒక నోడ్‌ని ఆపే ముందు ఎప్సిలాన్‌ని నిలబడి ఉండే పెయిర్‌కి మార్చాలి. ఆరు నోడ్లయితే రెండు పోయినా నాలుగు మిగులుతాయి కాబట్టి ఈ ఇబ్బంది తగ్గుతుంది. నాలుగు దగ్గర ఎక్కువ కాలం ఉండే క్లస్టర్ల రన్‌బుక్‌లో (పని చేసే వరుస రాసుకున్న పత్రం) ఈ స్టెప్ మొదటి లైనుగా ఉండాలి.

7. నోడ్లు కలిపే రోజు

కొత్త నోడ్లలో క్లస్టర్‌తో సమానమైన వెర్షన్ ముందే వేసి ఉంచండి. ఎఫ్‌సీ, ఐస్కజీ లైసెన్సులు కొత్త నోడ్లకి కూడా ఉన్నాయో చూసుకోండి. నోడ్లు చేరాక క్లస్టర్ షోలో అందరి హెల్త్ ట్రూ ఉండాలి, స్టోరేజ్ ఫెయిలోవర్ షోలో టేకోవర్ పాజిబుల్ అని రావాలి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్లి క్లస్టర్ రింగ్ షో కొట్టండి. మేనేజ్‌మెంట్, వీఎల్‌డీబీ, వీఐఎఫ్‌మేనేజర్, బీకామ్‌డీ అన్న యూనిట్లు (క్లస్టర్ సమాచారాన్ని అన్ని నోడ్లలో ఒకేలా ఉంచే సర్వీసులు) కనిపిస్తాయి. సాన్ కాన్ఫిగరేషన్‌ని చూసేది బీకామ్‌డీ. ఒక్కో యూనిట్‌కి అన్ని నోడ్లూ ఒకే మాస్టర్‌ని చూపిస్తున్నాయా అన్నది గమనించాలి. క్లస్టర్ కెర్నల్-సర్వీస్ షోలో కొత్త నోడ్లు ఇన్-క్వోరమ్ అని వచ్చేదాకా సాన్ పని మొదలుపెట్టకండి.

తర్వాత కొత్త నోడ్లలో రెండు ఫ్యాబ్రిక్‌లకీ లిఫ్‌లు చేయండి. జోనింగ్‌లో (ఏ హోస్ట్ ఏ స్టోరేజ్ పోర్టుని చూడొచ్చో స్విచ్‌లో రాయడం) వేయాల్సింది లిఫ్ డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (ఎఫ్‌సీ పోర్టు గుర్తింపు సంఖ్య), ఫిజికల్ పోర్ట్‌ది కాదు. స్విచ్‌లో లాగిన్ అయిన పేర్లలో రెండూ కనిపిస్తాయి కాబట్టి తప్పుది కాపీ చేయడం చాలా తేలిక. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ షో నుంచి తీసుకుంటే ఈ గొడవ ఉండదు. ఇనిషియేటర్ గ్రూపులు పోర్ట్‌సెట్‌కి (ఆ గ్రూపు వాడగలిగే లిఫ్‌ల జాబితా) కట్టి ఉంటే కొత్త లిఫ్‌లను ఆ పోర్ట్‌సెట్‌లో చేర్చాలి. లేదంటే జోన్ సరిగ్గా ఉన్నా హోస్ట్‌కి ఏమీ కనిపించదు. ఐస్కజీ అయితే హోస్ట్ వైపు కొత్త పోర్టల్స్‌కి (కొత్త లిఫ్‌ల ఐపీ అడ్రసులు) సెషన్లు ఏర్పడ్డాయో లేదో చూడండి.

8. లన్‌లు తరలించి, తర్వాత శుభ్రం చేయడం

వరుస ఇది, మార్చకండి. ముందు లన్ మ్యాపింగ్ యాడ్-రిపోర్టింగ్-నోడ్స్‌తో కొత్త పెయిర్‌ని చేర్చండి. హోస్ట్ రీస్కాన్ చేయించండి. కొత్త దారులు వచ్చాయని హోస్ట్‌లో కళ్లారా చూడండి, లినక్స్‌లో మల్టీపాత్ అవుట్‌పుట్‌లో, ఈఎస్‌ఎక్స్‌ఐలో పాత్స్ పేజీలో. అప్పుడు వాల్యూమ్ మూవ్. అది ముగిశాక కొత్త నోడ్ దారులు యాక్టివ్ ఆప్టిమైజ్డ్‌గా (దగ్గరి దారులుగా) మారాయో చూడండి. చివరగా రిమూవ్-రిపోర్టింగ్-నోడ్స్‌తో పాత పెయిర్‌ని తీసేసి మళ్లీ రీస్కాన్.

మొదటి స్టెప్ మరిచిపోయి వాల్యూమ్ మూవ్ చేసేస్తే ఐఓ (డేటా చదవడం, రాయడం) ఆగదు. హోస్ట్ పాత నోడ్లకే పంపుతుంది, అవి క్లస్టర్ నెట్‌వర్క్ మీదుగా కొత్త నోడ్‌కి అందిస్తాయి. లేటెన్సీ పెరుగుతుంది. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

చివరి స్టెప్ వదిలేయడం ఇంకా మామూలు. అమెరికా క్లయింట్ల చేంజ్ విండో అక్కడ శనివారం రాత్రి, మనకి ఆదివారం పొద్దున. మూవ్ ముగిసేసరికి షిఫ్ట్ మారుతుంది, టికెట్‌లో "మూవ్ సక్సెస్‌ఫుల్" అని రాసి మూసేస్తారు. పాత రిపోర్టింగ్ నోడ్లు అలాగే ఉండిపోతాయి. ఇలా నాలుగైదు విండోలు గడిస్తే నాలుగో స్టెప్‌లో వేసిన లెక్క తప్పవుతుంది, వచ్చే తరలింపులో హోస్ట్ 4096 దగ్గర ఆగిపోతుంది. అందుకే టికెట్ మూసే షరతుగా మూవ్ ఫలితాన్ని కాకుండా, ఆ లన్ రిపోర్టింగ్ నోడ్ల ఫీల్డ్‌లో రెండే పేర్లు ఉన్నట్టు చూపించే అవుట్‌పుట్‌ని జత చేయమనండి. హోస్ట్ మొత్తం పాత్‌ల సంఖ్యని కూడా దాని కిందే రాయించండి, తర్వాతి జట్టు లన్‌ల లెక్క ఆ అంకె నుంచే మొదలవుతుంది.